మే నెల మిట్టమధ్యాహ్నం స్లాబులు

సంపాదకులకు నమస్కారం.

దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫా మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. 828 మీటర్ల ఎత్తు, 160కి పైగా అంతస్తులు, అద్దాలు, లిఫ్టులు అన్నీ బాగానే రాశారు. కానీ కడపలో ఇల్లు కట్టుకునేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి రాయలేదు. వేసవి నెలల్లో ఆ భవనానికి కాంక్రీటు రాత్రిపూట పోశారు, అదీ ఐసు కలిపి.

మనూళ్లో మే నెలలో పగలు పన్నెండు గంటలకు ఏ వీధిలోకి పోయినా కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతూనే ఉంటుంది. స్లాబు కింద పరిచే సెంట్రింగ్ రేకులు చెయ్యి పెడితే కాలేంత వేడిగా ఉంటాయి. కంకర, ఇసుక పొద్దుటి నుంచి ఎండలో పడి ఉంటాయి. ఆ వేడికి కాంక్రీటులో నీళ్లు ఆవిరైపోయి, పరిచేలోపే అది బిగుసుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు మేస్త్రీ పైపు పట్టుకుని ఇంకొన్ని నీళ్లు పోయిస్తాడు. పని సులువవుతుంది, బలం తగ్గుతుంది. సిమెంటుతో పోలిస్తే నీళ్ల వాటా పెరిగే కొద్దీ కాంక్రీటు బలం పడిపోతుందని పాలిటెక్నిక్ పిల్లాడిని అడిగినా చెప్తాడు. సాయంత్రానికి స్లాబు మీద సన్నటి నెర్రెలు కనపడితే సిమెంటు పాలు పోసి కప్పేస్తారు.

దుబాయ్‌లో ఇదే ఎండతో ఎలా నెగ్గుకొచ్చారో చూడండి. ఆరు వందల మీటర్లకు పైగా ఎత్తుకు ఒక్క పంపుతో కాంక్రీటు ఎక్కించాలి. దారిలో గట్టిపడితే పైపు మూసుకుపోతుంది, జారుగా ఉండాలని నీళ్లు పోస్తే గోడలకు బలం ఉండదు. అందుకని పని మొదలుపెట్టకముందే నేలమీద పొడుగాటి పైపులు వంపులు తిప్పి పరిచి, అంత ఎత్తుకు పడే ఒత్తిడి ఎంతో పంపు చేసి చూసుకున్నారు. ఎత్తును బట్టి కాంక్రీటు పాళ్లు మార్చుకున్నారు. గాలి సంగతీ అంతే. డిజైన్ చేసిన ఎస్‌ఓఎం సంస్థ ఇంజనీర్ బిల్ బేకర్ బృందం విండ్ టన్నెల్‌లో, అంటే గాలిని జోరుగా వదిలే సొరంగంలో, నమూనాలు పెట్టి నలభైకి పైగా పరీక్షలు చేయించింది. వాటి ఫలితాలు చూసి భవనం ముఖం తిరిగిన దిక్కునే మార్చారు. అంతస్తులు పైకి పోయే కొద్దీ మెట్లు మెట్లుగా లోపలికి తగ్గించారు. అలా చేస్తే గాలి సుళ్లు ఒక లయలో ఏర్పడి భవనాన్ని ఊపే వీలు ఉండదు. భవనానికున్న మూడు రెక్కలు నడిమి గోడలకు ఆనుకుని ఒకదానికొకటి దన్నుగా నిలబడతాయి. ఇదంతా మన మూడంతస్తుల ఇంటికి అక్కర్లేదు. ముందు పరీక్ష, తర్వాత పని అన్న వరస మాత్రం కావాలి.

పునాదుల దగ్గరా అంతే. సముద్రం కన్నా ఉప్పగా ఉండే భూగర్భ జలంలో 190కి పైగా పైల్స్ (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) దింపాల్సి వచ్చింది కాబట్టి, తుప్పు పట్టకుండా ముందే ఏర్పాట్లు చేశారు. మనకు ఉప్పు నీటి బెడద లేదు, నల్లరేగడి ఉంది. వానకు ఉబ్బి, ఎండకు కుంగే ఈ నేల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే స్తంభాలు) పద్ధతి తయారుచేసి ఎన్నో ఏళ్లయింది. కర్నూలు-కడప (కేసీ) కెనాల్ కింద పొలాలు ప్లాట్లయిన చోట ఎంతమంది కనీసం మట్టి పరీక్ష చేయిస్తున్నారు?

ఇంక పోసిన కాంక్రీటును తడపడం. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం వేడి, పొడి వాతావరణంలో కాంక్రీటును కనీసం పది రోజులు తడిగా ఉంచాలి. స్లాబు మీద గట్లు కట్టి నీళ్లు నిలబెడతారు కాబట్టి దానికి కొంత మేలు. అన్యాయమైపోయేవి పిల్లర్లు. పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్ చల్లి తడిపామంటారు. మేలో ఆ తడి పావుగంట కూడా నిలవదు. ట్యాంకరు నీళ్లు కొనాలంటే ఇంటి యజమానికి టెన్షన్, నిజమే. గోనె పట్టలు చుట్టి తడిపితే చాలా తక్కువ నీళ్లతో పని జరుగుతుంది.

కడప, రాయచోటి, రాజంపేట నుంచి గల్ఫ్ పోయి సెంట్రింగ్, రాడ్ బెండింగ్ చేసి వచ్చినవాళ్లు మన మధ్య ఎంతోమంది ఉన్నారు. వాళ్లకు ఈ పద్ధతులు తెలియవని నేననుకోను. ఇక్కడ అడిగేవాళ్లు లేరు, అంతే. స్లాబు గ్యాంగు రోజుకు రెండు మూడు ఇళ్లు ఒప్పుకుంటుంది, వాళ్లకు వీలైన టైముకు మిల్లర్ వస్తుంది. మండుటెండలో తట్టలు మోసేవాళ్ల అవస్థ చెప్పనే అక్కర్లేదు.

నగరపాలక సంస్థను కోరేది పెద్ద పనేమీ కాదు. మార్చి నుంచి జూన్ దాకా స్లాబులు తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించాలని ప్లాన్ అనుమతిలోనే ఒక షరతు రాయాలి. రాత్రిపూట మిల్లర్ మోతకు ఇరుగుపొరుగు ఒప్పుకోరు కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టే వీలైనా ఇవ్వాలి. పెద్ద స్లాబైతే రెండు రోజులకు పంచుకోవచ్చు, అతుకు ఎక్కడ పెట్టాలో ఇంజనీరు చెప్పాలి. ఇంటి ముందు బోర్డు మీద ఆ ఇంజనీరు పేరు, స్లాబు వేసిన తేదీ, తడపడం ఎప్పటిదాకానో రాసి ఉంచాలి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ వచ్చి ఆ బోర్డు, పిల్లర్లకు చుట్టిన గోనె పట్ట చూసి పోతే చాలు. వచ్చే వేసవి లోపే ఈ ఉత్తర్వు ఇవ్వాలి.

— ఒక రిటైర్డ్ సైట్ సూపర్‌వైజర్, కడప