మల్బరీ పుల్ల ఒకటి ఇప్పించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మా మనవరాలు సూపర్ మార్కెట్లో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి చూపించి అవ్వా ఇవేం పండ్లు అని అడిగింది. చూస్తే మల్బరీ పండ్లు, లెక్కపెడితే ఇరవై కూడా లేవు, సగం నలిగి రసం కారిపోయినాయి, దానికి 120 రూపాయలంట. నాకు మనసు చివుక్కుమనింది. పక్కనే హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది, కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది, ధర్మవరం చీరల పేరు దేశమంతా తెలుసు, వీటన్నిటికీ మూలం ఈ చెట్టు ఆకే కదా, ఆ చెట్టు పండు ఏదో మన పిల్లలకి తెలీకపోతే ఎట్లా.

నేను పుట్టింది మడకశిర పక్కన పల్లెలో. మల్బరీ అని ఎవరూ అనేవాళ్లు కాదు, రేష్మి ఆకు అనేవాళ్లం. ఇంట్లో ఆ ఆకు వేసి పట్టుపురుగులు మేపేవాళ్లు, పురుగు పొర విడిచే ముందు మేత మానేసి కదలకుండా ఉంటుంది చూడండి, దాన్ని జ్వరం అంటారు, అట్లా నాలుగో జ్వరం లేచినాక ఎంత ఆకు వేసినా చాలదు, రాత్రిపూట తట్టల్లో వాన పడినట్టు చప్పుడు వస్తా ఉండేది. తోటలో చెట్లని ఆకు కోసం రెండు మూడు నెలలకొకసారి నరికేస్తారు కాబట్టి పండు గురించి ఎవరూ పట్టించుకోరు. మా అమ్మ మాత్రం గట్టు మీద ఒక చెట్టుని పిల్లోళ్లు తింటారులే అని నరక్కుండా వదిలేసింది. ఎర్రగా ఉన్నప్పుడు కోస్తే పులుపు, బాగా నల్లబడి వేలు తగిలితే చేతిలోకి రాలాలి, అప్పుడే తీపి. అట్లా మాగిన పండు ఒక రోజు కూడా నిలవదు, అందుకే అంగట్లో మంచి పండు దొరకదు, చెట్టు కింద నిలబడి తినాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. మీ పేపర్లో ఇంటి తోటల గురించి రాస్తా ఉంటారు కదా, అందులో ఈ విషయం తప్పకుండా రాయండి. ఆరేళ్ల కింద నేను ఒక నర్సరీలో 300 పెట్టి మల్బరీ మొక్క కొన్నాను, బాగానే పెరిగింది, ప్రతిసారీ పచ్చగా తోకల్లాగా పూలు వచ్చేవి, పొడి రాల్చి అవీ రాలిపోయేవి, మూడేళ్లు ఒక్క పండూ లేదు. ఎరువు చాలదేమో అని పేడ వేసినాను, నీళ్లు ఎక్కువైనాయేమో అని తగ్గించినాను. చివరికి మా ఊరి నుంచి వచ్చిన మా చిన్నాయన చూసి ఇది మగ చెట్టు అమ్మా, నువ్వు ఏం చేసినా కాయదు అని చెప్పినాడు. మల్బరీలో చాలావరకు మగ చెట్టు వేరు ఆడ చెట్టు వేరు, అమ్మేవాళ్లకే తెలీదో తెలిసీ చెప్పలేదో కానీ నా మూడేళ్లు పోయినాయి.

అందుకే అందరికీ చెప్పేది ఏమంటే మొక్క కొనొద్దు, పండు కాస్తున్న చెట్టుని కళ్లారా చూసి దాని పుల్ల అడుక్కోండి. తల్లి చెట్టు ఎట్లాంటిదో పుల్ల అట్లాంటిదే అవుతుంది. పెన్సిల్ లావు ఉండి, మరీ లేతగా కాకుండా ఆరేడు నెలలు ముదిరిన కొమ్మ, జానెడు ముక్క, మూడు నాలుగు కణుపులు ఉండాల, ఒక కణుపు పైకి కనపడేట్టు మిగతాది మట్టిలో గుచ్చితే సరిపోతుంది, వానాకాలం మొదట్లో అయితే ఇంకా మంచిది. మా చిన్నాయన తెచ్చిన పుల్ల ఇట్లా పెట్టిందే, రెండో ఏడుకే కాసింది. మన ఎర్రనేల దీనికి సరిపోతుంది, మొదటి ఎండాకాలం మాత్రం నీళ్లకి కరువు చెయ్యకూడదు, నేను బియ్యం కడిగిన నీళ్లు కూరగాయలు కడిగిన నీళ్లు అన్నీ దానికే పోస్తాను. వేరు దిగినాక అంత భయం లేదు. సెప్టిక్ ట్యాంకుకి, నీళ్ల సంపుకి దగ్గరగా పెట్టొద్దు, బట్టలు ఆరేసే తీగ పక్కన అసలే వద్దు. స్థలం లేనోళ్లు మిద్దె మీద సగానికి కోసిన డ్రమ్ములో పెట్టి కురచగా కత్తిరిస్తా ఉంటే సరిపోతుంది, కాపు అయినాక కొమ్మలు కత్తిరించి ఆకు దూసేస్తే కొత్త చిగురుతో పాటే పిందె కూడా వస్తుంది. చిగుర్లు గిడసబారి ముడుచుకుంటే అది పిండినల్లి, మా వైపు తుక్రా అంటారు, ఆ చివర్లు తుంచి సబ్బునీళ్ల బకెట్లో వేయండి, పిల్లోళ్లు చెట్టు మీదనుంచే కోసుకుని తినేది కాబట్టి మందు మాత్రం కొట్టొద్దు. కత్తిరించిన కొమ్మలు ఎదురింటామె మేకలకి తీసుకుపోతుంది, ఒక్క ఆకు మిగలదు.

పైన కాసిన పండ్లు గోరింకలకి, పికిలిపిట్టలకి వదిలేస్తాను. కింద అందినవి పిల్లలవి.

పట్టు పరిశ్రమ శాఖ వాళ్లకి మీ పేపర్ ద్వారా ఒక మనవి. రైతులు తోటలు నరికినప్పుడు కట్టలు కట్టలు పుల్లలు పోతాయి. వాటిలో పండు కాసే చెట్లవి ఏరి వానాకాలం మొదట్లో టౌన్లో ఉండే మాబోటోళ్లకి, ఇస్కూళ్లకి ఇప్పిస్తే వాళ్లకి పెద్ద ఖర్చేం కాదు. ఇస్కూల్లో రెండు చెట్లుంటే అయ్యోర్లు ఒక అట్టపెట్టెలో పది పురుగులు పెట్టి గూడు కట్టేదాకా పిల్లలకి చూపించొచ్చు. మా చెట్టు జూన్‌లో కత్తిరిస్తాను, మా వీధిలో ఇప్పటికే నలుగురు పుల్లలు అడిగినారు, ఇంకో పది కొమ్మలు వాళ్ల కోసమే ముదరనిస్తా ఉన్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, అనంతపురం