పరిహారం అందింది యజమానులకే

బానిసత్వానికి పరిహారం అనగానే ‘ఎప్పుడో తాతల నాటి సంగతి, ఇప్పుడెందుకు’ అని కొట్టిపారేయడం సరికాదు. బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 చట్టంతో బ్రిటన్ 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది, బానిసలకు కాదు, యజమానులకు! అందుకు చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని హార్వర్డ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 2023 తీర్పు వచ్చిన వారాంతంలో న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. భోజనానికొచ్చిన మనవాళ్లు పులిహోర ప్లేట్లు పట్టుకునే ‘ఇక మన పిల్లలకు సీట్లే సీట్లు’ అని సంబరపడ్డారు. 1965లో అమెరికా వలస చట్టం మారి మనకు తలుపు తెరుచుకున్నది నల్లవారి హక్కుల పోరాటం ఊపులోనే అన్నది ఒక్కరికీ గుర్తు రాలేదు. పూర్వ విద్యార్థుల పిల్లలకు ప్రవేశాల్లో ఇచ్చే ప్రాధాన్యం జోలికి మాత్రం ఆ తీర్పు పోలేదు. ముందు దాన్ని ఎత్తేయాలి. షికాగో పక్కనున్న ఇవాన్‌స్టన్‌లో అర్హులైన నల్లవారికి పరిహారంగా ఇంటి కోసం 25 వేల డాలర్ల చొప్పున ఇచ్చినట్టే మిగతా నగరాలూ మొదలుపెట్టాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి