రెండు అడవి ముక్కలు

చి. బుజ్జమ్మకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని అమ్మకి రోజూ పొద్దున్న వచ్చే మెసేజ్ చూసి అనుకుంటున్నాం. "బాగున్నా అమ్మా." 19 రోజులుగా అదే మాట, ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు, రాత్రి చేస్తానంటావు, ఆ రాత్రి రావట్లేదు. పని ఎక్కువైందేమో, నేనేమీ అనను. ఫోన్లో విసిగించే కన్నా ఉత్తరం రాస్తే తీరిగ్గా చదువుకుంటావని మొదలుపెట్టాను.

మినుము కాయ కట్టింది. జీడితోటలో పూత ఈసారి బాగుంది గానీ తెల్లారగట్ల మంచు ఇలాగే కురిస్తే ఎంత నిలుస్తుందో చెప్పలేం. గౌరి ఈనింది, పెయ్య. నుదుట తెల్లమచ్చ ఉంది, పేరు నువ్వే పెట్టాలని మామ్మ ఇంకా ఎవరినీ పెట్టనివ్వలేదు. రథసప్తమికి అమ్మా, మామ్మా అరసవల్లి వెళ్లి నీ పేరున పూజ చేయించారు. ప్రసాదం దాచారు, పంపుతాను. నువ్వు పోటీకి వెళ్లిన ఆదివారం కూడా ఆ రోజుల్లోదే కదా.

ఆ మాట ఎలాగూ వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఆ పోటీ ఏమైంది తల్లీ?

మా దాకా రెండు రకాలుగా వచ్చింది. మొదటిది చిన్నత్త నోట. "అన్నయ్యా, పిల్ల అక్కడ ఆదివారం ఆదివారం పేకాటకి వెళ్తోందట" అని మామ్మ ముందే అనేసింది. మామ్మ ఆ పూట అన్నం తినలేదు. ఆవిడకి పేకాటంటే పెదతాత, కాలవ కింది ఎకరం గుర్తొస్తాయి, నీకు తెలుసు. నేను దగ్గర కూర్చుని సంక్రాంతికి నువ్వు నాకు చెప్పినట్టే చెప్పాను. అది డబ్బు పందెం కాదమ్మా, రిచర్డ్ గార్ఫీల్డ్ అని ఒక లెక్కల ఆయన తయారుచేసిన ఆట, 1993లో అమెరికాలో వచ్చింది, మ్యాజిక్ అంటారు. ఎవరి 60 ముక్కలు వాళ్లే ముందుగా ఆలోచించి కట్టుకుని తెచ్చుకుంటారు, ఆ కట్టనే డెక్ అంటారు. లోపలికి వెళ్లడానికి రుసుం కడతారు, గెలిస్తే కొత్త కార్డుల ప్యాకెట్లు ఇస్తారు. మేడ మీద గదిలో నువ్వు వదిలివెళ్లిన ఆకుపచ్చ డెక్ తెచ్చి ఒక్కొక్కటీ చూపించాను. మిగతా ముక్కలు దింపడానికి శక్తినిచ్చే ముక్కల్ని ల్యాండ్లు, అంటే భూములు అంటారని, ఆకుపచ్చ డెక్‌లో అవి అడవులని చెప్పాను. అడవి బొమ్మ ఉన్న ముక్క పట్టుకుని, "ఇది మన మహేంద్రగిరిలా ఉంది" అంది మామ్మ. రాత్రి భోంచేసింది. ఆ సంగతి నువ్వు మనసులో పెట్టుకోకు. చిన్నత్తకి ఫోన్ చేసి ఏమీ అడక్కు.

నన్ను నిద్రపోనివ్వనిది రెండోది. పెళ్లికి వచ్చిన మీ బావ చెప్పాడు. ఆ రోజు నిన్ను ఆ దుకాణం దగ్గర దింపింది తనే అట కదా. 5 రౌండ్లుంటే మొదటి మూడూ పోయాయట. మిగతా రెండూ ఆడకుండా లేచి వచ్చేశావట. దారంతా మాట్లాడలేదట. రూమ్‌కి వెళ్లాక ప్లాస్టిక్ తొడుగుల్లోంచి ముక్కలన్నీ ఊడదీసి, ఎవరికైనా అమ్మెయ్యమని స్నేహితురాలికి ఇచ్చేశావని కూడా అన్నాడు. అది నిజమో కాదో నాకు తెలీదు. రెండో నెల జీతంలోంచి కొంచెం, మూడో నెలలోంచి కొంచెం దాచి కొనుక్కున్నావు. ఒకవేళ డబ్బుకే ఇబ్బందైతే చెప్పు, ధాన్యం డబ్బులు పడ్డాయి. సగం ధరకి అమ్ముకోకు.

భోజనం సరిగ్గా చేస్తున్నావా? సంక్రాంతికి వచ్చినప్పుడే గాజులు చేతికి వదులయ్యాయని అమ్మ అంటోంది. బయట తినేది తగ్గించు. రాత్రి పూట కళ్లజోడు లేకుండా కార్డుల మీద చిన్న అక్షరాలు చదవకు, తలనొప్పి అందుకే వస్తోంది.

పోటీకి ముందు శనివారం రాత్రి నువ్వు ఫోన్ చేసిన మాట నాకు బాగా గుర్తుంది. "నాన్నా, గెలవడానికి వెళ్లట్లేదు, కొత్త డెక్ పరీక్ష చెయ్యడానికి వెళ్తున్నా. 24 ల్యాండ్లుంటే 22 చేశాను, ఎల్ఫ్ బొమ్మ ముక్కలు కూడా శక్తి ఇస్తాయి కదా" అన్నావు. నేను సరే అన్నాను. అప్పుడే ఆగమని చెప్పి ఉండాల్సింది. కనుమ రోజు అరుగు మీద నువ్వే కాగితం మీద లెక్క వేసి చూపించావు: 60లో 24 భూములుంటే, మొదట తీసే 7 ముక్కల్లో భూమి ఒక్కటే రావడమో, అసలు రాకపోవడమో ఏడుసార్లకి ఒకసారి జరుగుతుందని. అదే 22 చేస్తే దాదాపు ఐదుసార్లకి ఒకసారి. ఆ కాగితం ఇక్కడే పంచాంగంలో ఉంది. పైగా ఆ దుకాణానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తొందరగా కొట్టే ఎర్ర డెక్‌లే తెస్తారని కూడా నువ్వే అన్నావు. ఎర్ర డెక్ వాడు నీ ఎల్ఫ్‌ని బతకనిస్తాడా? కనుమ రోజు నువ్వు ఎర్రది పట్టుకుని, నేను ఆకుపచ్చది ఆడితే, నేను ఎల్ఫ్‌ని దింపగానే కాల్చేశావు. ఇంక నాకు భూమీ చాలలేదు, ఎల్ఫూ లేదు, ఆట మొదట్లో ఉన్న 20 ప్రాణాలూ ఎలా పోయాయో కూడా తెలీలేదు. నీకు అక్కడ అదే జరిగిందేమోనని నా అనుమానం. అదే అయితే తప్పు డెక్ అంతటిదీ కాదు, నువ్వు తీసేసిన ఆ రెండు భూమి ముక్కలది.

తిత్లీ తుఫాను ఏడు నువ్వు ఇంటర్ హాస్టల్లో ఉన్నావు, అందుకని ఈ సంగతి నీకు సగమే తెలుసు. 2018. ఆ ఖరీఫ్‌లో నేను కొత్త వరి వంగడం ఒకటి తెచ్చాను. పొలం మొత్తం వేద్దామని నా తొందర. తాత ఒప్పుకోలేదు. "వేస్తే ఒక్క మడే వెయ్యి. అదే నీరు, అదే ఎరువు, అదే రోజు నాటు. అన్నీ మార్చేస్తే రేపు పంట ఎందుకు పెరిగిందో, ఎందుకు పోయిందో నీకేటి తెలుస్తాది?" అన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ ఆయన మాట ప్రకారమే గట్టు పక్క 15 సెంట్ల మడిలో కొత్తది, మిగతా అంతా స్వర్ణ వేశాను. నారు ఒకే రోజు తీయించాను. కూలివాళ్లు కూడా వాళ్లే.

కొత్తది ముందు ఈనింది. దసరా నవరాత్రులు మొదలయ్యేసరికి కంకులు పాలు పోసుకుంటున్నాయి. స్వర్ణ ఇంకా పొట్ట మీదే ఉంది. నేను రోజూ సాయంత్రం వెళ్లి ఆ మడి గట్టు మీదే నిలబడేవాణ్ణి. అక్టోబరు 11 తెల్లవారుజామున తుఫాను తీరం దాటింది. ఆ రాత్రి పెంకులు ఒక్కొక్కటీ లేచి పోతుంటే మేమందరం వంటింట్లో ఒక మూల కూర్చున్నాం, మామ్మ ఎండల మల్లన్నకి మొక్కుతూనే ఉంది. తెల్లారాక ఊరు ఊరులా లేదు. కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. పెద్దత్త వాళ్ల జీడితోట ఆ రోజుతో పోయింది. కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది.

పొలానికి వెళ్తే స్వర్ణ వంగింది గానీ నిలబడుతుందనిపించింది. కొత్తది చాప పరిచినట్టు నీళ్లలో పడుకుంది. గట్టు మీద వెళ్లేవాళ్లందరూ అదే మాట, "చెప్పాం కదా, ఆ కొత్తది మన నేలకి ఆగదని." నేనూ నమ్మేశాను. పశువులకైనా పనికొస్తుందని కోసేద్దామని కొడవలి పట్టుకుని వెళ్లాను. తాత నన్ను ఆపలేదు. పంచె ఎగ్గట్టి మడిలోకి దిగాడు. ఒక దుబ్బు పైకెత్తి, ఒక్కొక్క పిలకా మొదలు నుంచి వేలితో తడిమాడు, కణుపు కణుపూ. ఎక్కడా విరగలేదు. కంకిలోంచి ఒక గింజ తెంపి బొటనవేలి గోటితో నొక్కాడు. తెల్లగా పాలు వచ్చింది. ఆ గోరు నాకు చూపించాడు. "తలబరువు మీద ఉన్నప్పుడు గాలి కొట్టింది. వారం అటో ఇటో అయితే స్వర్ణా ఇలాగే పడును. ఇత్తనం తప్పేటుంది ఇందులో?"

నీళ్లు తీసేసి, నాలుగేసి దుబ్బులు కలిపి నిలబెట్టి కట్టాం. నేను, అమ్మ, తాత, మూడు రోజులు. వరి ఆకులు కోసుకుని అమ్మ చేతులు వారం దాకా మంట పుట్టాయి. ఆ మడిలో ఆ ఏడు వచ్చింది తక్కువే. కానీ తాత ఆ ఏడాది క్యాలెండర్ వెనక ఏ మడిలో ఎంత దిగిందో రాసుకుంటూ, దాని పక్కన దిగుబడి అంకె కాకుండా "గాలి" అని ఒక్క మాట రాశాడు. మళ్లీ ఏడు అదే మడిలో అదే విత్తనం వేయించాడు. ఇప్పుడు సగం పొలం అదే. నువ్వు తింటున్న బియ్యం అవే తల్లీ.

అందుకని నేను చెప్పేదేమిటంటే, లెక్చర్ అనుకోకు, ఒక నోటు పుస్తకం పెట్టుకో. ఒక్కో రౌండ్‌లో మూడింట రెండు గెలవాలన్నావు కదా, అంటే ఆ మూడు రౌండ్లలో కనీసం ఆరు ఆటలు ఆడి ఉంటావు. ఒక్కో ఆట పక్కన ఒక్క మాట రాయి. ముక్కలు పడలేదా, నువ్వు తప్పు ఆడావా, డెక్కే ఆగలేదా. మూడూ వేరు వేరు. మార్చాలనుకుంటే ఒకసారికి ఒక్కటే మార్చు. భూములు తగ్గించి, ఎల్ఫ్‌లు పెంచి, ఆటకీ ఆటకీ మధ్య మార్చుకోడానికి పక్కన పెట్టుకునే 15 ముక్కలూ మార్చేసి వెళ్తే ఏది నిన్ను ఓడించిందో ఎవరు చెప్పగలరు? ఆ 15 ముక్కల్లో ఎర్ర డెక్‌లకి అడ్డం పడేవి ఎన్నున్నాయో చూసుకో, అక్కడికి వచ్చేవాళ్లు వాళ్లే కాబట్టి. ఇంకొకటి, మధ్యలో లేచి రావడం నాకు నచ్చలేదు. ఓడినవాళ్లని బయటికి పంపరు, ఓడినవాళ్లతోనే జత కలుపుతారని నువ్వే చెప్పావు. పరీక్షకే వెళ్లినప్పుడు మిగిలిన రెండు రౌండ్లూ నీవే కదా. రుసుం కూడా కట్టేశావు. ఎదుట కూర్చునే మనిషికి కూడా చెప్పి లేచావో లేదో.

ఇంక ఆపుతాను. అమ్మ పక్కనుంచి, "పిల్లని కోప్పడకండి" అంటోంది. కోపం లేదు. ఎలా ఉన్నావో నీ గొంతులో వినాలని ఉంది, అంతే.

శుక్రవారం బస్సులో సంచి పంపుతున్నాను. శనివారం పొద్దున్న డ్రైవర్ ఫోన్ చేస్తాడు, ఎత్తు, తెలియని నంబరని వదిలెయ్యకు. అందులో పలాస జీడిపప్పు కిలో, పెద్దత్త ఇచ్చింది. బెల్లం, నువ్వులుండలు, అరసవల్లి ప్రసాదం, గౌరి జున్ను కాచిన చిన్న డబ్బా. జున్ను ఆ రోజే తినేయ్, ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోకు. నీ గోధుమరంగు స్వెటర్ కూడా పెట్టింది అమ్మ.

నువ్వు నా దగ్గర వదిలిన ఆకుపచ్చ డెక్ నిన్న రెండుసార్లు లెక్కపెట్టాను. 60 ఉన్నాయి, 24 భూములు. అవి కాక విడిగా ఇంకో ఆరు అడవి ముక్కలున్నాయి. వాటిలో రెండు తీసి, నూనె అంటకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి, నువ్వులుండల డబ్బా మీద పెట్టాను. మూత తీసేటప్పుడు చూసుకో, అవి కింద పడిపోగలవు.

మీ నాన్న