ఫింగల్ లైబ్రరీ వాళ్లకి, స్కెర్రీస్ బీచ్‌లో ఆ లైఫ్‌గార్డ్ అబ్బాయికి మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే. రెండు నెలల పాటు మా ఇంటిని నిలబెట్టిన వాళ్లకి ఒక్క ముక్కలో థాంక్స్ అని రాసి వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

మేము ఐర్లండ్‌లో డబ్లిన్ పక్కన బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉంటాం, అంటే ఫింగల్ కౌంటీ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ) కిందికి వస్తాం. నేను హాస్పిటల్లో నర్సుని, ఎక్కువగా నైట్ షిఫ్టులు. మా ఆయనది ఆఫీసు ఉద్యోగం, వారంలో మూడు రోజులు తప్పనిసరిగా వెళ్లాలి. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఐదు. ఇక్కడ ప్రైమరీ స్కూళ్లు జూన్ ఆఖరున మూస్తే మళ్లీ ఆగస్టు చివర్లోనే తెరుస్తారు. ఆ రెండు నెలలకీ తణుకు నుంచి అమ్మ వస్తుంది, ఇంట్లో అమ్మ ఉంటే ఇక దేనికీ బెంగ లేదు అనుకుని మేం వేరే ఏర్పాటేదీ చేసుకోలేదు. తీరా చూస్తే అమ్మ వీసా ఆలస్యమైంది. ఇవాళొస్తుంది, రేపొస్తుంది అనుకుంటూ జూన్ గడిచిపోయింది. అప్పటికప్పుడు సమ్మర్ క్యాంపుల కోసం వెతికితే కొన్ని నిండిపోయాయి, మిగిలినవాటికి ఇద్దరికీ కలిపి కట్టాలంటే ఇంటి అద్దె తర్వాత అదే మా పెద్ద ఖర్చయ్యేలా ఉంది. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున ఇంటికొచ్చి, ఆయన ఆఫీసుకి బయల్దేరుతుంటే గుమ్మంలోనే పిల్లల్ని అందుకుని, నిద్ర లేకుండా సాయంత్రం దాకా వాళ్లతో ఉండి, మళ్లీ రాత్రి డ్యూటీకి వెళ్లడం, జూలై మొదటి వారం ఇలాగే గడిచింది. మందులు లెక్కపెట్టే ఉద్యోగం నాది. నిద్రలేని మనిషి చేయాల్సిన పని కాదది. ఆ వారం నాకున్న టెన్షన్ ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వానలో పిల్లలిద్దర్నీ తీసుకుని బ్లాంచర్డ్స్‌టౌన్ లైబ్రరీకి వెళ్లాను. పుస్తకాల కోసం కాదు, అమ్మ వీసాకి ఇంకేవో కాగితాలు అడిగితే ప్రింట్ తీసుకుందామని. నేను ప్రింటర్ దగ్గర నిలబడి ఉంటే బాబు నేల మీద పడుకుని ఏడుపు, పాపేమో వాణ్ణి లేపలేక అవస్థ పడుతోంది. పిల్లల విభాగంలో ఉండే ఆవిడ వచ్చి వాడి పక్కనే నేల మీద కూర్చుంది. ఏమీ అనలేదు, ఒక డైనోసార్ బొమ్మల పుస్తకం తెరిచి తనలో తాను చదువుకున్నట్టు చదవడం మొదలుపెట్టింది, రెండో పేజీకి వాడి ఏడుపు ఆగిపోయింది. తర్వాత నా వైపు తిరిగి ఆవిడ అడిగిన మొదటి మాట, “పిల్లలు సమ్మర్ స్టార్స్‌లో చేరారా?”

అదేంటో నాకు తెలియదు. మూడేళ్లుగా ఇక్కడే ఉన్నా, ఆ లైబ్రరీ ముందు నుంచే షాపింగ్‌కి వెళ్తున్నా తెలియదు. ఐర్లండ్‌లో అన్ని కౌంటీల లైబ్రరీలూ వేసవిలో పిల్లల చేత చదివించడానికి నడిపే కార్యక్రమమట అది. పైసా కట్టక్కర్లేదు, పోటీ కాదు, ఎవరి వేగంతో వాళ్లు చదువుకోవచ్చు. చదివినవి రాసుకోవడానికి పిల్లలకి ఒక కార్డు ఇస్తారు. ఇంకో విషయం, నేను ఇన్నాళ్లూ పుస్తకాలు ఇంటికి తెచ్చుకోకపోవడానికి కారణం ఆలస్యమైతే ఫైన్ వేస్తారన్న భయం. ఆ ఫైన్లు 2019లోనే దేశమంతటా ఎత్తేశారట! ఒక్క కార్డుతో దేశంలో ఏ పబ్లిక్ లైబ్రరీలోనైనా పుస్తకం తీసుకోవచ్చు, ఎక్కడైనా తిరిగి ఇచ్చేయొచ్చు. మా ఇద్దరు పిల్లలకీ అప్పటికప్పుడు కార్డులు చేసి ఇచ్చింది. మీరు ఏ వీసా మీద ఉన్నారు, ఎన్నాళ్లుంటారు లాంటి ప్రశ్న ఒక్కటీ లేదు. ఈ దేశంలో ఏ కౌంటర్ దగ్గరికి వెళ్లినా ముందు జేబులోంచి నివాస అనుమతి కార్డు తీసి చూపించడం అలవాటైపోయిన నాకు, నువ్వు ఇక్కడే ఉంటున్నావు కదా, అది చాలు అన్నట్టు మాట్లాడటం ఎంత తేలికగా అనిపించిందో!

ఆవిడ అక్కడితో ఆగలేదు. ఒక కాగితం తీసుకుని జూలై, ఆగస్టుల్లో ఏ రోజు ఏముందో చేత్తో రాసి ఇచ్చింది. కథలు చెప్పే రోజు, లెగో రోజు, బొమ్మలు వేయించే రోజు, వీటిలో ముందే పేరు రాయించుకోవాల్సినవి ఏవి, నేరుగా వచ్చేయొచ్చేవి ఏవి, అన్నీ. కౌన్సిల్ స్పోర్ట్స్ ఆఫీసు వాళ్లు తక్కువ ఫీజుతో పెట్టే ఆటల క్యాంపు సంగతి కూడా అందులోనే రాసింది. దాంట్లో పాపకి ఒక వారం సీటు దొరికింది. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది.

ఇక్కడ ఒక మాట సరిగ్గా చెప్పాలి, ఎవరూ అపార్థం చేసుకోకూడదు. లైబ్రరీ పిల్లల్ని వదిలేసి వెళ్లిపోయే చోటు కాదు. చిన్న పిల్లలతో పెద్దవాళ్లు ఉండి తీరాలి, అది వాళ్ల నియమం, సబబైనదే. కాబట్టి నేనో ఆయనో అక్కడ ఉండేవాళ్లం. కానీ ఇంట్లో నాలుగ్గోడల మధ్య నిద్ర కళ్లతో ఇద్దర్ని ఆడించడానికీ, వాళ్లు ఆనందంగా ఏదో చేసుకుంటుంటే పక్కన కుర్చీలో కూర్చోవడానికీ చాలా తేడా ఉంది. పైగా అక్కడే లెగో రోజున మనవణ్ణి తీసుకొచ్చే ఒక ఐరిష్ బామ్మగారు పరిచయమయ్యారు. మా వెనక వీధేనట. మూడోసారి కలిసినప్పుడు ఆవిడే అడిగారు, మంగళ, గురువారాలు మధ్యాహ్నం మీ పిల్లల్ని మా ఇంట్లో ఉంచండి, మావాడికీ తోడుంటుంది, మీరు పడుకోండి అని. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అప్పటి నుంచి నేను వారంలో ఆ రెండు మధ్యాహ్నాలూ కంటినిండా నిద్రపోయాను. బామ్మగారూ, మీకు తెలుగు రాదు, అయినా రాస్తున్నాను. పాప దీన్ని మీకు చదివి అర్థం చెప్తానంది.

ఉద్యోగం చేసే తల్లిదండ్రులకి ఒక్క సంగతి. పన్నెండేళ్ల లోపు పిల్లలకి, ఒక్కొక్కరికి 26 వారాల చొప్పున, జీతం లేని పేరెంటల్ లీవ్ (పిల్లల్ని చూసుకోవడానికి సెలవు) ఇక్కడి చట్ట ప్రకారం మనకి ఉంది. మామూలుగా అదే ఉద్యోగంలో ఏడాది సర్వీసు ఉండాలి, కనీసం ఆరు వారాల ముందు రాతపూర్వకంగా అడగాలి. నాకు తెలిసేసరికి ఆ గడువు దాటిపోయింది. మీరు మే నెలలోనే అడగండి.

ఆగస్టు మొదట్లో అమ్మ వచ్చింది. వచ్చిన మూడో రోజే పాప అమ్మమ్మని చెయ్యి పట్టుకుని లైబ్రరీకి లాక్కుపోయింది. అమ్మ అంతా తిరిగి చూసి, కాసేపు కూర్చుని, మా ఊరి శాఖా గ్రంథాలయం గుర్తు చేసుకుంది. పొద్దున్నే తాతయ్య అక్కడికెళ్లి బల్ల మీద పరిచిన పేపరు చదివి వచ్చి ఇంట్లో అందరికీ వార్తలు చెప్పేవారట. మన దగ్గర ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది, చాలామందికి అది కడుతున్నట్టే తెలియదు. “మేమూ కట్టాం, మాదీ ఉండేది ఇలాగే తెరిచి” అంది అమ్మ. మేమైతే ఇక్కడ అద్దెకుంటున్నాం, ప్రాపర్టీ టాక్స్ కట్టేది ఇంటి ఓనరు. అయినా లైబ్రరీలో మమ్మల్నేమీ తక్కువగా చూడలేదు.

ఇక స్కెర్రీస్. ఆగస్టులో ఒక ఆదివారం ఎండ బాగా కాస్తే అందరం రైలెక్కి స్కెర్రీస్ వెళ్లాం. అమ్మకి గాలిమరలు చూపించి, తర్వాత సౌత్ బీచ్‌కి. అమ్మ పులిహోర, మజ్జిగ, ఐసు ముక్కలు అన్నీ సర్దుకొచ్చింది. నేను బాబు కోసం కొన్న గాలి ట్యూబు తీస్తుంటేనే లైఫ్‌గార్డ్ అబ్బాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, వచ్చి మర్యాదగా వద్దన్నాడు. ఒడ్డు నుంచి సముద్రం వైపు గాలి వీస్తే ఆ ట్యూబు క్షణాల్లో లోపలికి కొట్టుకుపోతుందట, పైకి నీళ్లు ప్రశాంతంగానే కనిపిస్తాయట. ఎరుపు పసుపు జెండాలు రెండింటి మధ్యే దిగమని చూపించాడు. ఎర్ర జెండా ఒక్కటే ఎగిరితే అసలు దిగకూడదు. మనలో చాలామందికి ఈత రాదు, సముద్రం అంటే మోకాళ్ల దాకా దిగి ఫొటో దిగడమే, కాబట్టి ఇది దయచేసి గుర్తుపెట్టుకోండి.

జెండాల మధ్యే ఉన్నాం. అయినా పాప ఒక్కసారి కేక పెట్టింది. పిక్క మీద ఎర్రగా, కొరడాతో కొట్టినట్టు గీతలు. జెల్లీఫిష్. నర్సుని అయ్యుండీ నా బిడ్డ ఏడుస్తుంటే నాకు చేతులు ఆడలేదు. అమ్మ వెంటనే డబ్బాలోంచి ఐసు తీసింది, నేను టవల్‌తో తుడవబోయాను. ఆ అబ్బాయి పరుగున వచ్చి రెండూ ఆపేశాడు. తుడిస్తే మంట ఇంకా పాకుతుంది, ఐసు పెట్టకూడదు, వేడి పెట్టాలి అని చెప్పి, పాపని తీసుకెళ్లి కూర్చోబెట్టి, హీట్ ప్యాక్ పెట్టి నలభై నిమిషాలు పక్కనే చూసుకున్నాడు. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా 112కి ఫోన్ చేయాలని నాకు చెప్తూనే, మధ్యమధ్యలో నీళ్ల వైపు చూస్తున్న తన తోటి గార్డుతో మాట్లాడుతూ, పాపని స్కూలు గురించి, ఆటల గురించి అడుగుతూ ఉన్నాడు. లయన్స్ మేన్ అనే రకం అయ్యుంటుందన్నాడు, వేసవిలో డబ్లిన్ తీరానికి అవి వస్తుంటాయట. అమ్మ పులిహోర పెట్టబోతే డ్యూటీలో ఉన్నానని సున్నితంగా చెప్పాడు. ఈ లైఫ్‌గార్డులు కూడా కౌన్సిల్ పెట్టిన వాళ్లే, జూలై ఆగస్టుల్లో రోజూ ఉంటారు. జీతం కోసం చేసే పనేగా అని ఎవరైనా అంటారేమో. నేనూ జీతానికే పని చేస్తాను, ఏ పని ఎలా చేస్తున్నారో నాకు కనిపిస్తుంది.

చివరి వారాల్లో హెరిటేజ్ వీక్, అంటే వారసత్వ వారోత్సవం వచ్చింది, ఆగస్టు మధ్యలో దేశమంతా జరుపుతారు. దానికోసం చీకటి పడే వేళ పార్కులో గబ్బిలాలు చూపించే నడక ఒకటి ఉందని లైబ్రరీ ఆవిడే చెప్పింది. గబ్బిలం ఇంట్లోకి వస్తే అరిష్టం అనే మా అమ్మ, మనవడు వదలకపోతే బయల్దేరింది. అక్కడ చేతికి చిన్న పెట్టె ఇస్తారు, మన చెవికి అందని గబ్బిలాల అరుపుని అది టపటపమని వినిపించేలా చేస్తుంది. ముల్లు తిప్పి 55 కిలోహెర్ట్జ్ దగ్గర పెడితే సోప్రానో పిపిస్ట్రెల్ అనే గబ్బిలం జాతి వినిపిస్తుంది, 45 దగ్గరైతే దాని దగ్గరి చుట్టం. బాబు ఆ పెట్టె అమ్మమ్మ చెవి దగ్గర పెట్టాడు. అమ్మ చాలాసేపు అలాగే నిలబడి విన్నది. ఇంటికొచ్చాక తణుకులో పెద్దమ్మకి ఫోన్ చేసి అరగంట ఇదే చెప్పింది.

ఇంకొక్కటి. ఇక్కడ కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేయడానికి పౌరసత్వం అక్కర్లేదు. ఇక్కడ నివాసం ఉంటూ పద్దెనిమిదేళ్లు నిండితే చాలు. 2024 జూన్‌లో ఎన్నికలు జరిగితే మేం అటు చూడనే లేదు, మనది కాదనుకున్నాం. ఈ వేసవి తర్వాత ఇద్దరం పేర్లు నమోదు చేసుకున్నాం. మళ్లీ ఎన్నికలు 2029లో. లైబ్రరీ గంటలు పెంచుతారా, తగ్గిస్తారా, లైఫ్‌గార్డులు ఎన్ని బీచ్‌లలో ఉంటారు అన్నది మాట్లాడేది ఆ కౌన్సిలే కాబట్టి మాకిప్పుడు అది మనదే.

అమ్మ ఆగస్టు నెలాఖరుకి వెళ్లిపోయింది, వెళ్లేముందు సున్నుండలు చేసి పెట్టింది. ఒక డబ్బా బామ్మగారికి ఇచ్చాం, ఒకటి లైబ్రరీలో ఆవిడకి. ఆవిడ తీసుకుని, పేరేంటని అడిగి, మూడుసార్లు పలికి మరీ రాసుకుంది. స్కెర్రీస్ అబ్బాయికి ఇద్దామని వెళ్తే ఆ రోజు అతని డ్యూటీ లేదు, పేరు కూడా అడగలేదు మేం అప్పట్లో. ఎర్రటి జుట్టు, ఎడమ చేతికి నీలం పట్టీ గడియారం. అక్కడ ఎవరికైనా తెలిస్తే అతనికి చెప్పండి, పాప కాలి మీద గీతలు పూర్తిగా పోయాయి, వచ్చే నెల నుంచి ఈత క్లాసుకి వెళ్తోంది.