నవలా పఠన సంఘం: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

వలస పాలన నుండి బయటపడిన దేశాల నవలలను నాలుగింటిని ఈ ఏడాది చదవాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. చదివినవి మూడు. నాలుగోదాని సంగతి చివర మనవి చేస్తాను.

2025 మే 28న కెన్యా రచయిత గూగీ వా థియాంగో కన్నుమూయడంతో, జులైలో జరపవలసిన సమావేశాన్ని ఆయన సంస్మరణగా మార్చాం. మామూలుగా పన్నెండు మంది కూర్చునే గదికి ఆ రోజు నలభై మందికి పైగా రావడంతో కింది అంతస్తులోని టైలరింగ్ షాపు వారు కుర్చీలిచ్చి ఆదుకున్నారు. 1977 డిసెంబరు 31న అరెస్టయి, విచారణ లేకుండా ఏడాది పాటు నిర్బంధంలో ఉన్న గూగీ, తన మాతృభాష గికుయులో తొలి నవలను కామిటి జైలులో టాయిలెట్ కాగితాలపై రాశారు. దానిని వరవరరావు తానూ జైలులో ఉండగానే తెలుగు చేశారు. ఆ 'మట్టికాళ్ల మహారాక్షసి' నుండి మన సభ్యులు నలుగురు వంతులవారీగా చదివి వినిపించారు. సొంత భాషలో రాసిన నవలను గూగీయే మళ్లీ ఇంగ్లీషులోకి అనువదించుకున్నారు కదా, ఇక ఇంగ్లీషు వదిలి సొంత భాషలో రాయాలన్న నిర్ణయానికి అర్థమేమిటని విశ్రాంత తెలుగు పండితులొకరు నిలదీశారు. అనువాదం తరువాతి సంగతి, ముందుగా కెన్యాలో చదువు రానివారు సైతం ఇళ్లలో, బార్లలో, బస్సుల్లో ఒకరు చదువుతుంటే విన్నారు కదా అని మరొకరు బదులిచ్చారు. ఇంగ్లీషును తన అవసరానికి మలచుకున్న నైజీరియా రచయిత చినువా అచెబె పక్షాన కూడా గట్టిగానే వాదించినవారున్నారు. సభ ముగిసేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఈ సంఘం పెట్టినందుకు ఇటువంటి సాయంత్రం ఒక్కటి చాలునని నాకు అనిపించింది.

సెప్టెంబరులో చిమమాండా అడీచీ 'హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్' చదివాం. నైజీరియా నుండి విడిపోతామన్న బియాఫ్రా ప్రాంతంతో 1967 నుండి 1970 వరకు సాగిన యుద్ధం గురించిన పరిచయ పత్రం ముందే చేతికి అందడం వల్ల చర్చ ప్రేమకథ దగ్గర ఆగిపోలేదు. డిసెంబరులో అబ్దుల్‌రజాక్ గుర్నా 'ఆఫ్టర్‌లైవ్స్' వంతు వచ్చింది. తూర్పు ఆఫ్రికాలో జర్మన్ల తరఫున తుపాకి పట్టిన ఆస్కరీల, అంటే స్థానిక ఆఫ్రికన్ సైనికుల, కథ అది. 1914 నవంబరులో, నేటి టాంజానియాలోని టాంగా రేవు వద్ద, బ్రిటిష్ వారి తరఫున వారికి ఎదురు నిలిచినవారిలో మద్రాసు సైన్యపు పటాలాలూ ఉన్నాయని మన విశ్రాంత చరిత్రోపన్యాసకులు చెప్పినప్పుడు గది కాసేపు నిశ్శబ్దమైంది.

ఇక నాలుగోది. నవల ఒకరు, దాని వెనుక చరిత్ర మరొకరు పరిచయం చేయడం మన పద్ధతి. డేమన్ గాల్గట్ నవలకు ముందు, నల్లజాతివారికి భూమిపై హక్కును కుదించిన 1913 నాటి దక్షిణాఫ్రికా చట్టం గురించి చెబుతామని ఇద్దరు సభ్యులు పేర్లిచ్చారు. ఫిబ్రవరిలో ఇద్దరూ రాలేదు, ఫోను కూడా ఎత్తలేదు. పనిమనిషికి ఇల్లు రాసిస్తామని మాట ఇచ్చి దశాబ్దాల తరబడి దాటవేసిన కుటుంబం కథ అది, పేరు 'ద ప్రామిస్'. ఇంతకు మించి నేను చెప్పదలచుకోలేదు.

సభామందిరం కోసం సంబంధిత అధికారులకు మూడు విజ్ఞాపనలు పంపాం. ఒక్కదానికైనా జవాబు రాలేదు. జమాఖర్చుల పట్టికను కోశాధికారి జతపరిచారు, స్వల్ప లోటును కార్యవర్గమే భరించింది, ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

గది ఇచ్చిన ఇంటివారికి, ప్రతిసారీ టీ పంపిన సభ్యురాలికి, జిరాక్సులకు డబ్బు తీసుకోని మిత్రునికి, కుర్చీలు మోసిన విద్యార్థులకు, తన సొంత ప్రతులను అరువిచ్చి వాటిలో రెండింటిని తిరిగి చూడని ఉపాధ్యక్షులకు కృతజ్ఞతలు. ఆ రెండు పుస్తకాలు ఎవరి దగ్గర ఉన్నా ఈ రోజే బల్లపై పెట్టి వెళ్లగలరు. 'ద ప్రామిస్' జూన్‌కు వాయిదా పడింది. చరిత్ర భాగం చెప్పేవారు తమ పేరుతోపాటు, ఫోను ఎత్తే వేళ కూడా ఈ కాగితంపై రాయవలసిందిగా మనవి.

కార్యదర్శి