పాత మట్టిని పారబోయమనకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో పెరటి తోటల మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. అయితే చలికాలపు కాపు అయిపోగానే మొక్కలన్నీ పీకేసి, పాత మట్టి పారబోసి, బజారులో దొరికే మట్టి మిశ్రమం కొని నింపుకోమని అందులో ఒక వాక్యం ఉంది. అది మాత్రం నాకు మింగుడు పడలేదు. అందుకే ఈ ఉత్తరం.

పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషిని. కడియం నర్సరీలు మాకు ఎంతో దూరం కాదు. నారు కావాలన్నా, పూలమొక్క కావాలన్నా బస్సెక్కితే చాలు. ఇంటి వెనక దొడ్లో నాలుగు మడులు, ఒక చిక్కుడు పందిరి, డాబా మీద కొన్ని కుండీలు, అంతే నా వ్యవసాయం. మట్టి కొనడం మొదలుపెడితే ఇంట్లో పండిన వంకాయ బజారు వంకాయ కంటే ప్రియమైపోతుంది. పైగా పారబోసిన మట్టి ఎక్కడికి పోతుంది? వీధి కాలువలోకి.

తోట ఎప్పుడు ఎత్తేయాలన్నది ముందు తేలాలి. మా వైపు రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల మీద పరమాన్నం నైవేద్యం పెట్టేదాకా పాదు జోలికి ఎవరూ పోరు. ఆ తర్వాత మాత్రం మొహమాటం అక్కర్లేదు. పాతకాలపు పందిరి చిక్కుడు పొద్దు తగ్గితేనే పూస్తుంది. సంక్రాంతి దాటి పొద్దు పెరిగి, ఎండ ముదిరాక పూత నిలవదు. ఇంకో రెండు కూరలు వస్తాయేమోనని ఫాల్గుణం చివరిదాకా ఉంచేవాళ్లకు దొరికేది రసం పీల్చే పేనుబంక పురుగు. పందిరి కింద నిలబడితే జుట్టుకు జిగురు, మెడ మీద చీమలు. ఆ పురుగు పక్కనున్న కొత్త అలసంద మీదికీ పాకుతుంది. బెండకు పల్లాకు తెగులు వచ్చినా అంతే. ఆకు ఈనెలు పసుపెక్కిన మొక్కను ‘కాస్తోంది కదా’ అని ఉంచితే, తెల్లదోమ దాని రసం పీల్చి వెళ్లి వేసవి బెండ మీద వాలుతుంది. తెగులు మోసేది ఆ దోమే.

ఇక మట్టి సంగతి. అది పనికొస్తుందో లేదో చెప్పేవి మొక్క వేళ్లే. కానీ పీకి గోడ అవతల పడేసేవాళ్లు వాటిని చూడరు. ముందురోజు సాయంత్రం మడి తడపండి. పొద్దున్నే గునపంతో చుట్టూ వదులు చేసి, వేళ్లు తెగకుండా మొక్కను ఎత్తి, బకెట్ నీళ్లలో జాడించండి. చిక్కుడు, అలసంద, బీన్స్ వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు పక్కగా అంటుకుని ఉంటాయి. గోటితో గీకితే ఊడి వస్తాయి. కాపు మీదున్న మొక్కదైతే నలిపి చూడండి, లోపల గులాబీ రంగు ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెట్టే బ్యాక్టీరియా కాపురం ఉండేది వాటిలోనే. ముసలి తీగకు ఆ రంగు పోయి గోధుమ రంగు తిరుగుతుంది. అయినా ఆ వేళ్లు మట్టిలోనే కుళ్లితే మనకే లాభం. అందుకే ఒక మొక్కను ఎత్తి చూసుకుని, మిగతా చిక్కుడు తీగల్ని నేల మట్టానికి కొడవలితో కోసేస్తాను, వేళ్లు కదపను.

టమాటా, వంగ, బెండ వేళ్లకు బుడిపెలు కనిపించాయంటే మాత్రం ఊరుకోకూడదు. అవి పక్కన అంటుకున్నవి కావు. ఆ వేరు తానే ఉబ్బిపోయి, అల్లం కొమ్ములా ముడులు తేలి ఉంటుంది. గీకితే ఊడదు. కంటికి కనపడని నులిపురుగులు వేరులో చేరి చేసే పని అది. ఇలాంటి మొక్క మధ్యాహ్నం వాడిపోతుంది, సాయంత్రానికి తేరుకుంటుంది. నీళ్లు చాలలేదనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం. ఆ మడిలో మళ్లీ టమాటా పెట్టినా, బీర, సొర పెట్టినా అదే వరస. ఆ వేళ్లను కంపోస్టు గుంటలో వేయకూడదు. డాబా మీద ఫెళఫెళలాడేలా ఎండబెట్టి, చెత్త బండికి ఇచ్చేయాలి.

అంత జబ్బు పట్టిన మట్టినైనా పారేయక్కర్లేదు. మన ఎండ ఉంది కదా! ఏప్రిల్, మే నెలల్లో మడిని గుల్లగా తవ్వి, బాగా తడిపి, పారదర్శకమైన పాలిథీన్ పట్టా నేలకు ఆనేలా పరవండి. అంచుల మీద మట్టి కప్పి, ఆవిరి పోకుండా నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. పైపొర మట్టి కుతకుత ఉడికి నులిపురుగులు, కుళ్లు తెగుళ్ల శిలీంధ్రాలు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. నల్ల పట్టా వేస్తే ఇంత వేడెక్కదు, ఎండ లోపలికి దిగాలి. తడపకుండా పరిచినా దండగే, పొడి మట్టిలో వేడి లోతుకు పోదు. కుండీల మట్టినైతే డాబా మీద జానెడు మందాన పోసి ఇదే పని చేస్తాను. తర్వాత మాగిన పశువుల ఎరువు, కుండీకి గుప్పెడు వేపపిండి కలిపితే అదే కొత్త మట్టి. పట్టా పరవడం కుదరనివాళ్లు ఆ మడిలో ఒక కారు బంతి వేసుకోండి. బంతి వేళ్లంటే నులిపురుగుకు గిట్టదు, పూలు ఎలాగూ గుమ్మానికి పనికొస్తాయి.

వేసవి దుక్కులు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. తొలకరికి ముందే ఒకసారి నేలను తిరగేసి ఎండకు పెడతాడు. పెరట్లో మనం ఎందుకో ఆ పని చేయం. కాకర, బీర, దోస పిందెల్ని కుట్టే పండు ఈగ పురుగులు నేలలోకి దిగి కోశాలు కడతాయి. రాలి కుళ్లిన కాయల్ని ఏరి లోతుగా పాతిపెట్టి, పాదుల చుట్టూ పలుగుతో తిరగేస్తే చాలు. పొద్దెక్కేసరికి గోరింకలు దిగుతాయి, మిగతా పని వాటిదే.

అన్ని మడులూ ఒకేసారి ఎండగట్టమని అనడం లేదు. మడుల్లో ఒకదానిలో గోరుచిక్కుడు, ఒకదానిలో తోటకూర వేసవిలోనూ ఉంటాయి. తిరగేసిన మడిలో మే నెలాఖరుకు జనుము చల్లి, పూతకు రాగానే కోసి పచ్చిరొట్ట ఎరువుగా అక్కడే మట్టిలో కలిపేస్తాను.

ఇప్పుడు మంట సంగతి. మా వీధిలో మాఘమాసం నుంచి ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు ఎండు తీగలు, ఆకులు పోగేసి నిప్పు పెడతారు. భోగి మంటంటే అర్థం ఉంది, నెలంతా ఈ మంటలేమిటి? ఆరబెట్టిన బట్టలకు పొగ కంపు, ఆస్తమా ఉన్నవాళ్లకు నరకం. తోట చెత్తను విడిగా ఉంచాలని, వీధుల్లో తగలబెట్టకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. నిబంధన మాట పక్కన పెట్టినా, ఆ ఆకే కదండీ రేపటి ఎరువు. జబ్బు లేని తీగల్ని జానెడు ముక్కలుగా కొట్టి, మధ్యమధ్య పేడనీళ్లు చల్లుతూ గోడవార గుంటలో తొక్కితే వానల నాటికి సగానికి పైగా దిగిపోతుంది. ఎండాకులు వేసవి పాదుల మొదట్లో కప్పడానికే చాలవు నాకు. పక్కవీధి నుంచి కూడా తెచ్చుకుంటాను. నన్ను చూసి నవ్వేవాళ్లున్నారు, నవ్వనివ్వండి.

విత్తనం గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. కాపు ముగింపులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే. పందిరి మీద ఒక సొరకాయను ముదరడానికి వదిలేస్తాను. వచ్చినవాళ్లందరూ ‘అయ్యో, ముదిరిపోయిందండీ, కోయలేదా?’ అంటారు. అది పచ్చదనం పోయి, పెంకు గట్టిపడి, ఊపితే లోపల గింజలు గలగలమనాలి. అప్పుడే కోత. వంకాయైతే మొక్క మీదే పసుపు రంగుకు పండిపోవాలి. టమాటా గింజల్ని గుజ్జుతో సహా ఒకటి రెండు రోజులు పులియబెట్టి కడిగితే జిగురు వదిలి, గట్టి గింజలు అడుక్కి దిగుతాయి. నీడలో ఆరబెట్టాలి. హైబ్రిడ్ కాయల గింజలు దాచి లాభం లేదు, తర్వాతి కాపు తల్లి పోలికలో రాదు. నాటు చిక్కుడైతే చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి జాతి చెడదు. దానికి పుచ్చు పురుగు భయమే ఎక్కువ. బాగా ఎండిన గింజలకు జల్లించిన కట్టెల బూడిద కలిపి మూత గట్టి డబ్బాలో పెడితే మళ్లీ జూన్ దాకా దిగులుండదు. మిగతా గింజలకు పాత కవర్లు. ప్రతి కవరు మీద పేరు, తారీకు ఉండాల్సిందే. పోస్టాఫీసు అలవాటు, తారీకు లేని కవరు చూస్తే చెయ్యి ఊరుకోదు!

వ్యాసం రాసినవారి మీద నాకు కోపం లేదు. ఇంట్లో నాలుగు కూరగాయలు పండించుకోమని రాసేవాళ్లే తక్కువ. నా మనవి ఒకటే. తోట మొదలుపెట్టడం గురించి ఏటా తొలకరికి పేజీలు వేస్తున్నారు. ముగించడం గురించి సంక్రాంతి వెళ్లిన వారంలోనే ఒక అరపేజీ వేయండి. మార్చిలో వేస్తే అప్పటికే సగంమంది పీకి తగలబెట్టి ఉంటారు. అలాగే రైతుబజారులో నెలకో ఆదివారం విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక బల్ల వేయించమని మీ పత్రిక తరఫున అడగండి. మా ఇంట్లో చిక్కుడు గింజలు మిగిలిపోతున్నాయి, నాకు నేతిబీర గింజలు కావాలి. ఇలాంటివాళ్లు ఊరికి పదిమంది అయినా ఉండరా?

ఆ అరపేజీకి ఫొటోలు కావాలంటే మా దొడ్లో తీసుకోవచ్చు. బుడిపెలు పట్టిన టమాటా వేళ్లు, మంచి బుడిపెలున్న అలసంద వేళ్లు రెండూ చూపిస్తాను. ఉగాది లోపే రమ్మనండి. ఆ తర్వాత మడులు తవ్వేస్తాను, పట్టా కింద చూడటానికి ఏమీ ఉండదు.

ఇట్లు,
మీ పాఠకురాలు