వసూళ్లు సరే, కౌంటర్లు ఎప్పుడు తెరుస్తారు?

సంపాదకులకు,

టికెట్ లేని ప్రయాణికుల నుంచి రైల్వే రికార్డు స్థాయిలో జరిమానాలు వసూలు చేసిందని పోయిన వారం మీ పత్రికలో వేశారు. అధికారులు శాలువాలు కప్పుకుంటున్న ఆ ఫొటో చూసి కొన్నాళ్లు ఊరుకున్నాను. ఇక ఉండబట్టక రాస్తున్నాను. ఇంటి తలుపులు బార్లా తెరిచిపెట్టి, ఈ నెల ఇంతమంది దొంగలను పట్టుకున్నానని చెప్పుకునే యజమానికి ఎవరైనా సన్మానం చేస్తారా? వసూళ్లు పెరిగాయంటే ఎగ్గొట్టేవాళ్లు తగ్గలేదనే కదా!

1989 నాటి రైల్వే చట్టంలో శిక్షలకేమీ కొదవలేదు. పట్టుబడినవాడు ఛార్జీతో పాటు, అంతే మొత్తం గానీ 250 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది అదనంగా కట్టాలని 138వ సెక్షన్ చెబుతోంది. మోసం చేయాలనే ఎక్కినవాడికి 137వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు కూడా ఉంది. ఆ 250 రూపాయలు 2004లో 50 నుంచి పెంచినది. అప్పటి నుంచి ప్లాట్‌ఫాం మీద టీ ధర ఎన్నిసార్లు మారిందో అందరికీ తెలుసు. రోజూ ఉచితంగా తిరిగేవాడికి ఈ లెక్క ఇంకా బాగా తెలుసు. ఎప్పుడో ఒకనాడు దొరికిపోయి 250 కట్టినా మిగిలిన రోజులన్నీ లాభమే. వాడి దృష్టిలో అది వాయిదాల మీద కట్టే ఛార్జీ.

మరి ఆ 250 ఎవరికి బరువు? నాలుగు కౌంటర్లున్న చోట తెరిచేది ఒకటి. అద్దం మీద ‘సరిపడా చిల్లర ఇవ్వండి’ అని కాగితం. పక్కనున్న టికెట్ యంత్రానికి ప్లాస్టిక్ సంచి తొడిగి ఉంటుంది. ఫోన్‌లో కొనుక్కోవచ్చు కదా అంటారు. స్టేషన్ లోపలికి వచ్చాక అక్కడి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తప్ప ఆ టికెట్ రాదు. టీటీఈ కనబడగానే ఫోన్ తీసేవాళ్లను ఆపడానికి పెట్టిన నిబంధన అది, తప్పు పట్టను. కానీ ఆ కోడ్ అంటించిన కాగితం చిరిగి ఎన్నాళ్లయిందో! ఇంతలో బండి వచ్చేస్తుంది. చంకలో బిడ్డ, చేతిలో సంచి ఉన్న ఆడమనిషి ఏం చేస్తుంది? ఎక్కేస్తుంది. టీటీఈ సరిగ్గా ఆమె దగ్గరే ఆగి రశీదు పుస్తకం తీస్తారు. ఎదుటి కిటికీ పక్కన కాళ్లు చాపుకున్న ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి తల తిప్పకుండానే ‘స్టాఫ్’ అంటాడు, అంటే రైల్వే ఉద్యోగినని. ఆ ఒక్క మాటతో తనిఖీ పూర్తి. అడిగినప్పుడు పాసు కూడా చూపించాలని 54వ సెక్షన్ అంటుంది. నోటిమాట చాలని ఎక్కడా లేదు.

రిజర్వేషన్ బోగీల గోడు వేరే చెప్పాలా? డబ్బు కట్టి బెర్తు తీసుకున్నవాడు ఓ మూల ఒదిగి కూర్చోవాలి. ఫిర్యాదు చేస్తే కాసేపటికి ‘పరిష్కరించబడింది’ అని సందేశం వస్తుంది. బెర్తు మీద కూర్చున్నవాళ్లు మాత్రం లేవరు.

ఒకప్పుడు దిగే స్టేషన్ గేటు దగ్గర టీసీ నిలబడి టికెట్ చేతికి తీసుకున్నాకే బయటకు వదిలేవారు. ఇప్పుడు చాలా గేట్ల దగ్గర ఆటోవాళ్లు తప్ప అడిగేవారు లేరు. ఎగ్గొట్టేవాడి దగ్గర రాబట్టలేనిది కొనేవాడి దగ్గర రాబట్టడం మాత్రం రైల్వేకు చక్కగా వచ్చు. వృద్ధుల రాయితీని 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి ఆపేశారు. కరోనా వెళ్లిపోయింది, రాయితీ తిరిగి రాలేదు. మరోవైపు ముంబైలో సెంట్రల్ రైల్వే 2025లో ‘లక్కీ యాత్ర’ పేరుతో టికెట్ కొన్నవాళ్లకు నగదు బహుమతులు ప్రకటించింది. చేయవలసిన పని చేసినందుకు లాటరీ అన్నమాట!

ఒంటరిగా ఉన్న స్త్రీని, పిల్లలను టికెట్ లేదని రాత్రిపూట బండి నుంచి దింపకూడదని, పగలైనా ఎక్కిన చోట లేదా జంక్షన్ లాంటి పెద్ద స్టేషన్‌లోనే దింపాలని 139వ సెక్షన్‌లో రాశారు. చట్టం రాసినవాళ్లు మనిషికీ మనిషికీ తేడా చూశారు. అమలు చేసేవాళ్లు కూడా చూడాలి. కౌంటరు మూసి ఉన్న స్టేషన్‌లో ఎక్కి, తనంతట తానే టీటీఈ దగ్గరకు వచ్చి చెప్పినవారి నుంచి ఛార్జీ మాత్రమే తీసుకోండి. దొరికిన ప్రతివారి గుర్తింపు కార్డు సంఖ్యను కంప్యూటర్‌లో ఎక్కించి, రెండోసారి దొరికితే జరిమానా రెట్టింపు చేయండి. మూడోసారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టండి. చట్టం మార్చాల్సి వస్తే మార్చండి, ఆ 250 పెట్టి ఇరవై ఏళ్లు దాటింది కదా. పాసు చూపించకుండా ‘స్టాఫ్’ అనేవాళ్లను కూడా ఆ కంప్యూటర్‌లోనే ఎక్కించండి.

ఇట్లు,
ఒక సీజన్ టికెట్ ప్రయాణికుడు